రొయ్య పిల్లకున్న టెస్టు విండోస్‌కి లేదా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. అప్పటి నుంచి మా కంప్యూటర్ సర్వీస్ లైన్‌లో నెల్లూరు నుంచి కావలి, ఒంగోలు దాకా ఎవర్ని అడిగినా ఓఎస్ మార్చే పనే. కొత్త విండోస్ పట్టని పాత సిస్టమ్‌లకి కొందరు లైనక్స్ అనే ఉచిత ఓఎస్ వేసుకుంటా ఉండారు. ఎక్కువమంది మాత్రం "విండోస్ 11 లైట్ అన్నా, యాక్టివేషన్ కూడా అయిపోయి ఉంది" అని ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొస్తా ఉండారు. ఆ పెన్‌డ్రైవ్ ఎవరిది? ఫ్రెండ్‌ది. ఫ్రెండ్‌కి యాడ దొరికింది? టెలిగ్రామ్ గ్రూపులో. గ్రూపులో ఎవరు పెట్టారు? తెలీదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు.

నాకు మండేది ఇక్కడే. మన పక్క రొయ్యల గుంట ఉన్న రైతు హ్యాచరీ నుంచి పిల్లని తెచ్చేముందు శాంపిల్ ల్యాబ్‌కి పంపి పీసీఆర్ టెస్టు చేయిస్తాడు. తెల్లమచ్చ రోగం లేదని రిపోర్టు చేతికొస్తేనే గుంటలో వదుల్తాడు. హ్యాచరీ ఓనరు ఎంత కావాల్సినోడైనా ఉత్త మాట మీద వదలడు. అదే మనిషి మేత లెక్కలు, జీఎస్టీ, బ్యాంకు లాగిన్ అన్నీ ఉండే కంప్యూటర్‌కి మాత్రం ఎవడో దించిన ఫైల్ కళ్లు మూసుకుని ఎక్కించమంటాడు. "ఏం కాదులే అబ్బయ్యా, మా బామ్మర్ది సిస్టమ్‌లో బాగానే పనిచేస్తా ఉంది" అంటాడు. పనిచేస్తాది సామీ! లోపల దొంగ ప్రోగ్రామ్ పెట్టినోడికి కూడా అది బాగా పనిచెయ్యడమే కావాల.

రొయ్య పిల్లకున్నట్టే ఫైల్‌కీ ఒక టెస్టుంది, దాని పేరు చెక్‌సమ్. అదేదో బీటెక్ సబ్జెక్టు అనుకోబాకండి. ఆరు జీబీల ఐఎస్ఓ (ఓఎస్ ఇన్‌స్టాల్ సరుకంతా ఉండే ఒకే ఫైల్) అయినా సరే, ఫైల్ మొత్తాన్ని షా256 అనే లెక్కలోకి తోస్తే చివరికి 64 అక్షరాలు బయటికొస్తాయి. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ఆ 64 గుర్తుపట్టలేనట్టు మారిపోతాయి. ఫైల్ తయారుచేసినోళ్లు సైట్‌లో ఇచ్చే 64తో మనకొచ్చిన 64 పోల్చి చూస్తే, డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయి ఫైల్ తోక తెగినా తెలుస్తాది, ఎవడన్నా లోపల చెయ్యి పెట్టినా తెలుస్తాది.

దీనికి ఏమీ కొనక్కర్లా. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే సెర్ట్‌యుటిల్ ఉంది, పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హాష్ ఉంది. సెర్ట్‌యుటిల్‌తో ఒక తిరకాసు. చివర షా256 అని మనం కొట్టకపోతే అది షా1 లెక్క చూపిస్తాది, 40 అక్షరాలే వస్తాయి. అది చూసి "సరిపోలేదన్నా, ఫైల్ పోయింది" అని మళ్లీ ఆరు జీబీలు దించుకునే పిల్లోళ్లు ఉండారు. ఇంకోటి, గెట్-ఫైల్‌హాష్ ఇంగ్లీషు అక్షరాలు పెద్ద బడిలో (క్యాపిటల్స్) చూపిస్తే సైట్‌లో చిన్న బడిలో ఉండొచ్చు. రెండూ ఒకటే, కంగారుపడబాకండి. ఇక మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి "ఓకే" అనేసే మహానుభావులు వేరే. 64కి 64 చూడాలయ్యా. కళ్లు పోగొట్టుకోనక్కర్లా, రెండూ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పేస్ట్ చేస్తే చాలు. లైనక్స్‌లో షా256సమ్‌కి హైఫన్ సి తగిలించి చెక్‌సమ్‌ల ఫైల్ చూపిస్తే అదే పోల్చి చెప్తాది.

ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతే మా లైన్‌లో మొదట తిట్లు తినేది ర్యామ్, తర్వాత హార్డ్‌డిస్క్. ఫైల్ చెడిపోయి ఉండొచ్చని విండోస్ తెర మీద రాసి చూపిస్తా ఉన్నా, కస్టమర్‌కి కొత్త ఎస్‌ఎస్‌డీ అంటగట్టే షాపులున్నాయి. పేర్లు చెప్పనులే, ఊర్లో తిరగాల గదా.

సరే, చెక్‌సమ్ చూశారు, సరిపోయింది. ఎవరిచ్చిన చెక్‌సమ్‌తో పోల్చారు? నా గొడవంతా దీని గురించే. టెలిగ్రామ్‌లో లింకు పెట్టినోడే దాని కింద 64 అక్షరాలు కూడా పెడతాడు. మనోడు లెక్క కట్టి, సరిపోయిందని మురిసిపోతాడు. సరిపోకుండా ఎట్టా ఉంటాది? తన ఫైల్‌కి తనే లెక్క కట్టి ఇచ్చాడు వాడు.

ఇది గ్రూపుల్లోనే అనుకోబాకండి. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ వాళ్ల సొంత సైట్‌లోకే ఒకడు దూరాడు. మింట్ 17.3 సినమన్ అనే వెర్షన్ డౌన్‌లోడ్ లింకుని బల్గేరియాలో ఉన్న సర్వర్‌కి తిప్పాడు. అక్కడున్న ఐఎస్ఓలో సునామీ అనే బ్యాక్‌డోర్ (సిస్టమ్‌లోకి దొంగదారి) దాచాడు. మింట్ వాళ్లు దాచిపెట్టకుండా వెంటనే చెప్పేశారు, అది వాళ్ల గొప్పతనం. తర్వాత ఆ దూరినోడే జెడ్‌డీనెట్ అనే టెక్ వార్తల సైట్‌తో మాట్లాడుతూ, సైట్‌లో చెక్‌సమ్ కూడా తన ఫైల్‌కి తగ్గట్టే మార్చానని, అయినా వాటిని చూసేదెవడని అన్నాడు. వాడి పొగరుకి ఒళ్లు మండింది గానీ, అన్నది మనల్నే గదా.

అందుకే ఉబుంటు, డెబియన్, మింట్ లాంటి లైనక్స్‌లు చేసేవాళ్లు చెక్‌సమ్‌ల ఫైల్ మీద జీపీజీ అనే డిజిటల్ సంతకం కూడా పెడతారు. సైట్‌లోకి దూరినోడు చెక్‌సమ్ మార్చగలడేమో, వాళ్ల దగ్గర మాత్రమే ఉండే రహస్య ప్రైవేట్ కీ లేకుండా ఆ సంతకం మాత్రం పెట్టలేడు. సంతకం సరిచూసే వాళ్ల పబ్లిక్ కీ తెచ్చుకోవడం, అది వాళ్లదేనా అని దాని ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే కోడ్) ఇంకో చోట సరిచూసుకోవడం మొదటిసారి కాస్త తలనొప్పే. ఆ ఓపిక లేకపోతే కనీసం అసలు సైట్ అడ్రస్ మీరే కొట్టుకుని, అక్కడున్న చెక్‌సమ్ తీసుకోండి. విండోస్ 11 ఐఎస్ఓకి మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలోనే, ఒక్కో భాషకి విడివిడిగా షా256 ఇస్తారు. ఎండీ5 అనే పాత రకం చెక్‌సమ్ ఒక్కటే ఇచ్చే సైట్లని మాత్రం నమ్మబాకండి. ఒకే ఎండీ5 వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లు తయారుచెయ్యొచ్చని 2004లోనే తేలిపోయింది.

ఇప్పుడు ఆ "లైట్" సంగతికి రండి. దాన్ని దేనితో పోలుస్తారు? మైక్రోసాఫ్ట్ అట్టాంటి ఫైల్ చెయ్యనే లేదు. ఎవడో అసలు ఐఎస్ఓ విప్పి, కొన్ని తీసేసి, కొన్ని కలిపితేనే అది లైట్ అయింది. ఏం తీశాడో మీకు సిస్టమ్‌లో కనబడతాది. ఏం కలిపాడో కనబడదు. ఇట్టాంటి ఫైల్‌కి చెక్‌సమ్ చూడ్డం కూడా దండగే.

మొన్న ఒక లెక్చరర్ గారు అడిగారు, "చెక్‌సమ్, సంతకం రెండూ సరిపోతే ఇక అంతా భద్రమేనా?" అని. కాదు సార్. 2024లో లైనక్స్‌లో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ప్రోగ్రామ్‌లో బ్యాక్‌డోర్ పెట్టింది ఆ ప్రాజెక్టు చూసుకునే మనిషే, రిలీజ్ చేసిందీ ఆయనే. అది చెక్‌సమ్‌కి దొరకదు. చెక్‌సమ్ చెప్పేది ఒకటే, వాళ్లు ఇచ్చిన ఫైలే మీ చేతికొచ్చిందని. ఆ ఒక్కటి కూడా తెలుసుకోకుండా దిగిపోతా ఉంటే ఎక్స్‌జెడ్ గురించి మాట్లాడి ఏం లాభం?

టైమ్ లేదనబాకండి. ఎస్‌ఎస్‌డీ మీద ఆరు జీబీలకి నిమిషం చాలు, పాత హార్డ్‌డిస్క్ అయితే ఇంకాస్త. నా దగ్గరికి పెన్‌డ్రైవ్ తెచ్చినోళ్లని ఇకమీదట మొదట అడిగేది ఫైల్ యాడ దించారనే. "ఫ్రెండ్ ఇచ్చాడు" అంటే అసలు సైట్ నుంచి మళ్లీ దించి, పోల్చి చూశాకే ఎక్కిస్తా. దానికి వేరే డబ్బులేమీ అడగను, రేపు సాయంత్రం రమ్మంటా. తొందరగా కావాలంటే పక్క వీధిలో ఇంకో షాపుంది.