ఏ గడ్డను వెతకాలి?

క్యాన్సర్‌ను ఎంత ముందుగా పట్టుకుంటే అంత మేలన్న మాట జనం మనసుల్లో బాగా నాటుకుపోయింది. నోటి క్యాన్సర్ విషయంలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో అది నిజం. పెద్దపేగు విషయంలోనూ నిజమే. థైరాయిడ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ మాట చాలావరకు చెల్లదు. మన పట్టణాల్లో జరుగుతున్నది దీనికి తలకిందులుగా ఉంది. ఏ బాధా లేనివాళ్లకు హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా మెడ స్కానింగ్ చేసి, రిపోర్టులో ‘కుడివైపు 6 మిల్లీమీటర్ల గడ్డ’ అని రాసిస్తున్నారు. మలంలో రక్తం పడుతున్న మనిషేమో మొలల మందు రాసుకుంటూ నెలలు గడిపేస్తున్నాడు. మొదటి మనిషికి అక్కర్లేని భయం పట్టుకుంటుంది. రెండో మనిషి చేతుల్లోంచి విలువైన కాలం జారిపోతుంది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 8.2 లక్షల మందికి థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. ఆ ఏడాది దానితో చనిపోయినవారు 48 వేల లోపే. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు 19 లక్షల మందిలో బయటపడగా, 9 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ తేడా చికిత్సల వల్ల వచ్చింది కాదు. ఆ రెండు గడ్డల స్వభావమే వేరు. ఆ స్వభావాన్ని పట్టించుకోకుండా పరీక్షలు పెంచుకుంటూపోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది.

ఆ దేశం 1999లో జాతీయ క్యాన్సర్ పరీక్షల పథకం మొదలుపెట్టింది. అందులో థైరాయిడ్ లేదు. కానీ పరీక్షలకు వచ్చినవాళ్లకు కొద్దిపాటి అదనపు రుసుముతో మెడకు కూడా అల్ట్రాసౌండ్ తీయడం ఆసుపత్రుల్లో అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క సంవత్సరంలోనే 40 వేల మందికి పైగా క్యాన్సర్ రోగులైపోయారు. మరణాలు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. ఏటా నాలుగు వందల లోపే. నిజంగా ఒక మహమ్మారి వచ్చి ఉంటే మరణాలు పెరగాలి. పరీక్షలు ప్రాణాలు కాపాడి ఉంటే అవి తగ్గాలి. రెండూ జరగలేదంటే, జీవితాంతం ఎవరికీ హాని చేయని గడ్డలను తవ్వి తీశారన్నమాట.

తవ్వి తీసినందుకు మూల్యం జనమే చెల్లించారు. రోగనిర్ధారణ అయినవారిలో దాదాపు అందరికీ ఆపరేషన్ చేశారు. ఎక్కువమందికి గ్రంథి మొత్తం తీసేశారు. గ్రంథి పోయినవాళ్లు బతికినంతకాలం రోజూ పొద్దున్నే థైరాక్సిన్ మాత్ర వేసుకోవాల్సిందే. థైరాయిడ్ వెనకే అంటుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని, కాల్షియం పడిపోయే సమస్య 11 శాతం మందికి వచ్చింది. మరో 2 శాతం మందికి స్వరతంత్రులు చచ్చుబడ్డాయి. చివరికి 2014లో కొందరు కొరియా వైద్యులే బహిరంగ లేఖ రాసి, లక్షణాలు లేనివారికి ఈ స్కానింగులు ఆపమని కోరారు. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్లు మూడో వంతు తగ్గాయి.

ఆ దశాబ్దంలో కొరియా థైరాయిడ్ క్యాన్సర్ బాధితుల్లో ఐదేళ్లు బతికేవారు దాదాపు నూటికి నూరు శాతమని లెక్కలు చూపేవి. చూడ్డానికి గొప్ప విజయంగా కనిపించేది. చంపని గడ్డలను లక్షల్లో లెక్కలోకి చేరిస్తే, వైద్యం ఏమాత్రం మెరుగుపడకపోయినా ఆ శాతం పైకి పోతుంది. ఆసుపత్రుల ప్రకటనల్లో ‘ముందే గుర్తిస్తే ఇంత శాతం మనుగడ’ అని చూసినప్పుడు పాఠకులు అడగాల్సింది మరణాల లెక్క. మొత్తం జనాభాలో ఆ జబ్బుతో చనిపోయేవారు తగ్గారా, లేదా? పరీక్ష పనికొచ్చిందో లేదో చెప్పేది అదొక్కటే.

థైరాయిడ్ గడ్డలు ఇంత సాధువుగా ఎందుకుంటాయి? ఫిన్లాండ్ పరిశోధకులు 1985లోనే ఒక సూచన ఇచ్చారు. వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్ గ్రంథులను పలుచగా కోసి చూస్తే, మూడో వంతు కంటే ఎక్కువమందిలో థైరాయిడ్‌లో ఎక్కువగా వచ్చే పాపిల్లరీ రకం క్యాన్సర్లు చిన్న చిన్నవి కనిపించాయి. బతికున్నప్పుడు వాళ్లకు ఆ సంగతే తెలియదు. జపాన్‌లోని కోబె నగరంలో కుమా ఆసుపత్రి వైద్యుడు అకిరా మియౌచి ఇంకో అడుగు ముందుకేశారు. సెంటీమీటరు లోపు గడ్డలున్నవారికి ఆపరేషన్ చేయకుండా, క్రమం తప్పకుండా స్కానింగుతో గమనిస్తూ ఉండే పద్ధతిని 1993లో ప్రారంభించారు. పన్నెండు వందల మందికి పైగా రోగుల ఫలితాలు చూస్తే, పదేళ్లలో గడ్డ 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ పెరిగింది 8 శాతం మందిలోనే. మెడలోని లింఫు గ్రంథులకు పాకింది నాలుగు శాతం లోపే. వాళ్లకు అప్పుడు ఆపరేషన్ చేసినా సరిపోయింది, ఎవరూ ఆ జబ్బుతో చనిపోలేదు. మరో విశేషమేమిటంటే, అరవై దాటినవారిలో ఆ చిన్న గడ్డలు అందరికన్నా తక్కువగా పెరిగాయి. పెద్ద వయసులో బయటపడిన గడ్డను వెంటనే కోసేయాలని తొందరపడే కుటుంబాలకు ఈ సంగతి తెలియాలి.

2016లో అంతర్జాతీయ పాథాలజిస్టుల బృందం మరో పని చేసింది. చుట్టూ గూడు కట్టుకుని బయటికి చొచ్చుకుపోని ఒక రకం థైరాయిడ్ గడ్డ ఉంది. అలాంటి గడ్డలున్న 109 మందిని పదేళ్ల నుంచి 26 ఏళ్ల దాకా గమనిస్తే అందరూ జబ్బు ఆనవాలు లేకుండా బతికే ఉన్నారు. దాంతో ఆ రకాన్ని క్యాన్సర్ల జాబితా నుంచే తీసేశారు. జీవశాస్త్రం ముందుకెళ్లడమంటే కొత్త మందులు రావడమే కాదు, అనవసరమైన వైద్యం నుంచి మనుషుల్ని తప్పించడం కూడా.

అలాగని థైరాయిడ్ క్యాన్సర్లన్నీ సాధువులు కావు. అనాప్లాస్టిక్ రకం నెలల్లోనే ప్రాణం తీస్తుంది. మెడల్లరీ రకం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. మెడలో గట్టిగా చేతికి తగిలే గడ్డ, త్వరత్వరగా పెరిగే గడ్డ, కారణం లేకుండా బొంగురుపోయిన గొంతు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మేము వద్దంటున్నది ఏ లక్షణమూ లేనివాళ్ల మెడల్లో వెతుకులాటను. అమెరికా నివారణ సేవల కార్యదళం కూడా 2017లో ఇదే చెప్పింది.

థైరాయిడ్, పెద్దపేగు క్యాన్సర్లు రెండింటినీ కలిపే ఒక జన్యువు ఉంది. బీరాఫ్ అనే జన్యువులో ఒకే ఒక అక్షరం మారితే, అది తయారుచేసే ప్రోటీనులో 600వ స్థానంలోని అమైనో ఆమ్లం మారిపోతుంది. పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్లలో సగానికి పైగా ఈ మార్పే కనిపిస్తుంది, ఎన్నేళ్లయినా కదలని బుల్లి గడ్డల్లో కూడా. దానికి టెర్ట్ అనే మరో జన్యువు దగ్గర మార్పు తోడైతేనే గడ్డ దూకుడుగా మారే ప్రమాదం బాగా పెరుగుతుంది. అదే బీరాఫ్ మార్పు పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి పది మందిలో ఉంటుంది. పేగు దాటి పాకిన దశలో ఆ పదిమంది పరిస్థితి మిగతావారికన్నా చాలా విషమం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను గొప్పగా కరిగించిన బీరాఫ్ నిరోధక మందు పేగు క్యాన్సర్ మీద దాదాపుగా పనిచేయలేదు. ఒక దారి మూసేస్తే పేగు కణాలు ఈజీఎఫ్ఆర్ అనే మరో ద్వారం తెరుచుకుంటున్నాయని 2012లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. రెండు ద్వారాలనూ ఒకేసారి మూసే మందుల జంటకు 2020లో అమెరికాలో అనుమతి దొరికింది. రక్తంలోనో కణజాలంలోనో ఒక జన్యుమార్పు కనిపించగానే ఇదిగో ప్రమాదం అని తేల్చేసే ఖరీదైన జన్యు పరీక్షల ప్యాకేజీలు అమ్మేవారు ఈ సంగతి దాచకూడదు. జన్యువు ఒక్కటే అయినా, అది ఏ అవయవంలో ఉందన్నదాన్ని బట్టే కథ నడుస్తుంది.

పెద్దపేగు కథ వెతికేవాళ్లకు అనుకూలమైనది. లోపలి పొరమీద పాలిప్ అనే చిన్న బుడిపె లేస్తుంది. ఏపీసీ, కేరాస్, పీ53 వంటి జన్యువుల్లో ఒకదాని తర్వాత ఒకటిగా మార్పులు చేరుతూ అది క్యాన్సర్ అవుతుందని అమెరికా శాస్త్రవేత్తలు బెర్ట్ వోగెల్‌స్టీన్, ఎరిక్ ఫియరాన్ 1990లో వివరించారు. అందుకు సాధారణంగా పదేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. అంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే కొలనోస్కోపీలో బుడిపె కనిపిస్తే అక్కడికక్కడే వైరుతో కోసి తీసేయొచ్చు. జబ్బును ముందుగా పట్టుకోవడమే కాదు, రాకుండానే ఆపొచ్చు.

ఇక్కడ మరణాల లెక్క కూడా సాక్ష్యం చెబుతోంది. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా మలంలో కంటికి కనిపించని రక్తం కోసం పరీక్ష చేయించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయి. ఆనాటి పరీక్ష కన్నా ఇప్పటి ఫిట్ పరీక్ష మెరుగైనది. మనిషి రక్తంలోని ప్రోటీన్‌నే పట్టుకుంటుంది కాబట్టి ముందురోజు మాంసం తిన్నామా, ముల్లంగి తిన్నామా అన్న ఆంక్షలు లేవు. ఇంట్లోనే పుల్లతో కొద్దిగా నమూనా తీసి చిన్న సీసాలో పెట్టి ఇస్తే చాలు.

అందరికీ నేరుగా కొలనోస్కోపీ చేస్తే పోలేదా అని అడిగేవారున్నారు. పోలండ్, నార్వే, స్వీడన్లలో దాదాపు 85 వేల మందితో జరిగిన అధ్యయనం 2022లో జవాబిచ్చింది. కొలనోస్కోపీకి పిలిచినవారిలో పదేళ్లలో క్యాన్సర్ వచ్చే ముప్పు 18 శాతమే తగ్గింది. కారణం, పిలిచినవారిలో వచ్చింది 42 శాతమే. స్పెయిన్‌లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. అక్కడ ఫిట్ పరీక్షకు పిలిచినవారిలోనూ, కొలనోస్కోపీకి పిలిచినవారిలోనూ పదేళ్ల మరణాలు దాదాపు సమానం. చిన్న పరీక్షకు ఎక్కువమంది ముందుకొచ్చారు మరి. జనం చేయించుకోని గొప్ప పరీక్ష కన్నా చేయించుకునే మామూలు పరీక్షే మేలన్నది దీని సారం.

మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్ పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇప్పటికీ తక్కువే. కాబట్టి అమెరికాలోలా 45 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ పరీక్షించాలని మేము కోరడం లేదు. పైగా మన పల్లెల్లో నులిపురుగులు, మొలలు ఎక్కువ. వాటివల్లా మలంలో రక్తం కనిపించి, ఫిట్ పరీక్ష తప్పుదారి పట్టించే అవకాశం ఉంది. కానీ మన రోగులు వయసులో చిన్నవాళ్లు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 800 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే సగటు వయసు 47 ఏళ్లని తేలింది. ఇంటికి ఆధారమైన వయసది.

వాళ్లు ఆలస్యంగా ఎందుకొస్తున్నారో తెలుసుకోవాలంటే ఏ ఊరి బస్టాండుకైనా వెళ్లి గోడలు చూడండి. ‘మొలలు, ఫిస్టులా, ఫిషర్లకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం’ అని పోస్టర్లు, కింద ఫోన్ నంబరు. రక్తం పడిందంటే మొలలేనని రోగి తనే తేల్చుకుంటాడు. ఆర్‌ఎంపీ సరేనంటాడు. మందుల షాపులో ఆయింట్‌మెంటు ఇస్తారు. సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పుకోనివాళ్లు ఎందరో, ముఖ్యంగా ఆడవాళ్లు. మలద్వారంలో వేలుపెట్టి చూసే పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు, రూపాయి ఖర్చు లేదు. కింది భాగంలో ఉన్న గడ్డల్లో చాలావాటిని ఆ వేలే పట్టిస్తుంది. ఆ పరీక్ష చేయకుండా మొలల మందు రాయడం వైద్యం కాదు. నడివయసు మగవాడికి కారణం తెలియకుండా హిమోగ్లోబిన్ పడిపోతే ఐరన్ మాత్రలిచ్చి పంపేయడమూ అంతే. పేగులో ఎక్కడో రక్తం కారుతోందేమో చూడాలి.

జాతీయ అసంక్రామిక వ్యాధుల కార్యక్రమం కింద ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్‌తో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తున్నారు. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటికొచ్చినప్పుడు అడిగే ప్రశ్నల్లో మూడు తప్పనిసరిగా ఉండాలి. మలంలో రక్తం పడుతోందా? మల విసర్జన తీరు ఈమధ్య మారిందా? ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా? మూడో ప్రశ్నకు అవునన్న జవాబొస్తే, ఆ రక్తసంబంధీకులకు నలభై ఏళ్ల నుంచో, లేదా ఆ ఇంట్లో జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు నుంచో, ఏది ముందైతే అప్పటి నుంచి కొలనోస్కోపీ ఉచితంగా చేయాలి. లించ్ సిండ్రోమ్ వంటి వంశపారంపర్య జబ్బులున్న కుటుంబాలకు ఇంకా ముందే మొదలుపెట్టాలి. ఫిట్ పరీక్షను ముందుగా ఒకటి రెండు జిల్లాల్లో యాభై దాటినవారి మీద ప్రయోగాత్మకంగా నడిపి, నులిపురుగులు, మొలల వల్ల ఎన్ని తప్పుడు ఫలితాలొస్తున్నాయో లెక్క తీసి ప్రజల ముందుంచాలి.

ఫిట్ పాజిటివ్ వచ్చిన మనిషిని కొలనోస్కోపీకి పంపడానికి చోటు లేకపోతే ఆ పరీక్ష భయం మిగల్చడానికే పనికొస్తుంది. ఎండోస్కోపీ నైపుణ్యంలో హైదరాబాద్ ప్రపంచానికే పాఠాలు చెబుతోంది. జీర్ణకోశ వైద్యుడు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ దక్కింది. ఆ నైపుణ్యం జిల్లా కేంద్రాల ప్రభుత్వ ఆసుపత్రులకు చేరాలి. ఒక్కో జిల్లా ఆసుపత్రికి ఒక కొలనోస్కోపు, దాన్ని వాడటంలో శిక్షణ పొందిన ఇద్దరు వైద్యులు, ముక్క పరీక్షకు ఒక పాథాలజిస్టు కావాలి. వచ్చే బడ్జెట్లలో ఇందుకు ఎంత కేటాయిస్తారో రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు ఇప్పుడే చెప్పాలి. లక్షణాలు లేనివారి చెకప్ ప్యాకేజీల నుంచి మెడ స్కానింగును తొలగించమని ఆసుపత్రులకు, డయాగ్నొస్టిక్ కేంద్రాలకు ఆదేశాలు కూడా వాటితో పాటే ఇవ్వాలి.