పరుగుకు చప్పట్లు, కెమెరాకు కేసులు

జానెట్ మర్రే-వేక్‌లిన్, ఆలన్ మర్రే దంపతుల గురించి మన పాఠకుల్లో చాలామంది చదివే ఉంటారు. 2013 జనవరి 1న మెల్‌బోర్న్‌లో పరుగు మొదలుపెట్టి, ఆస్ట్రేలియా మొత్తం చుట్టి, 2014 జనవరి 1న మళ్లీ మెల్‌బోర్న్‌లోనే ఆగారు. అప్పటికి ఆమెకు 64 ఏళ్లు, ఆయనకు 68. రోజుకో మారథాన్, అంటే రోజూ 42 కిలోమీటర్లు, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా 366 మారథాన్లు. తినేది పళ్లు, పచ్చి కూరగాయలు, గింజలు. మాంసం మాట అటుంచి పాలు, పెరుగు కూడా ముట్టుకోరు. కాలి వేళ్లు విడివిడిగా కనిపించే పల్చటి బూట్లు వేసుకుని, ఎండ పేలిపోతున్నా వాన కొడుతున్నా, లారీలు దూసుకుపోయే హైవేల పక్కన ఏడాది పొడవునా పరుగెత్తారు. సాటి ప్రాణుల మీద కాస్త దయ చూపించండి, భూమిని పాడుచేయకండి అని దారిలో కలిసినవాళ్లందరికీ చెప్పుకుంటూ వెళ్లారు.

ఆమెకు 2001లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది, కీమోథెరపీ వద్దనుకున్నారు. అది ఆమె ఇష్టం. దాన్ని పట్టుకుని ఎవరూ మందులు మానేయొద్దు, డాక్టర్ చెప్పిందే వినండి. మేం ఇక్కడ మాట్లాడుతున్నది ఆ విషయం కాదు.

ఇలాంటి పెద్దవాళ్లు పరుగెత్తితే అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవడంలో ఎవరికీ పోయేదేమీ లేదు. 64 ఏళ్ల ఆవిడ రోడ్డు మీద పరుగెత్తుతూ వెళితే ఏ కబేళా గేటూ తెరవక్కర్లేదు, ఏ కంపెనీ లాభమూ తగ్గదు. కానీ ఆవిడ ఏ జంతువుల గురించి పరుగెత్తిందో, ఆ జంతువులకు లోపల ఏం జరుగుతోందో ఒకడు వీడియో తీసి చూపిస్తే మాత్రం అదే దేశం చట్టాలతో మీద పడుతుంది. ఈ రెండు నాలుకల ధోరణి మీదే మా అభ్యంతరం.

2025 ఆగస్టులో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ ఇచ్చిన తీర్పు చూడండి. విక్టోరియా రాష్ట్రంలో మేకల్ని కోసే ఒక కబేళాలోకి జంతు సంక్షేమ కార్యకర్తలు అనుమతి లేకుండా వెళ్లి, కెమెరాలు పెట్టి వీడియో తీశారు. అనుమతి లేకుండా వెళ్లినందుకు కింది కోర్టు 1,30,000 డాలర్ల నష్టపరిహారం కట్టమంది. అక్కడితో ఆగినా సరిపోయేది. అప్పీలులో ఫుల్ బెంచ్ ఇంకో అడుగు ముందుకేసి, ఆ వీడియో మీద కాపీరైట్ కబేళా కంపెనీకే చెందాలంది. అంటే లోపల ఏం జరిగిందో చూపించే సాక్ష్యానికి, ఎవరి మీద ఆరోపణ వచ్చిందో వాళ్లే యజమానులు! ఇక దాన్ని జనం చూడాలో వద్దో తేల్చేది కూడా వాళ్లే.

ఇది మేకలతో ఆగే వ్యవహారం అనుకునేవాళ్లు పొరబడుతున్నారు. ఇవాళ కబేళాకు దొరికిన ఈ రక్షణ రేపు ఆసుపత్రి అడుగుతుంది, ఎల్లుండి హాస్టల్ అడుగుతుంది, ఆ తర్వాత వృద్ధాశ్రమం అడుగుతుంది. అదే ఆస్ట్రేలియాలో కొన్ని వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లను కొట్టడం, తిట్టడం ఎలా బయటపడిందో గుర్తుచేసుకోండి. అనుమానం వచ్చిన పిల్లలు తల్లిదండ్రుల గదుల్లో రహస్యంగా కెమెరాలు పెట్టబట్టే బయటపడింది. ఆ వీడియోలు కూడా యాజమాన్యానివే అని అప్పట్లో ఎవరైనా అని ఉంటే? ఒక వ్యాపారానికి కంటపడకుండా ఉండే హక్కు ఇచ్చాక, మిగతా వ్యాపారాలకు ఇవ్వం అని చెప్పడానికి ఏ కారణం మిగులుతుంది?

రైతుల వాదన కూడా ఉంది. పొలంలోనే కాపురాలుంటాయి, చిన్నపిల్లలుంటారు, బయటివాళ్లు చొరబడితే మందకు రోగాలు అంటుకుంటాయి అంటారు. నిజమే, చొరబాటు చొరబాటే, దానికి పాత చట్టాలే ఉన్నాయి, వాటి కింద శిక్ష వేయండి, మేం కాదనం. కానీ ఇప్పుడు అణచివేస్తున్నది చొరబాటును కాదు, చూసినదాన్ని బయటికి చెప్పడాన్ని.

చూపించడం వల్ల ఏమవుతుందో ఆ దేశానికి బాగా తెలుసు. 2017 ఆగస్టులో అవాసీ ఎక్స్‌ప్రెస్ అనే ఓడ గొర్రెల్ని ఎక్కించుకుని గల్ఫ్ వైపు వెళ్లింది. ఉక్కపోతకు దాదాపు 2,400 గొర్రెలు చచ్చిపోయాయి. ఎండకు కరిగి బురదైన పేడలో కాళ్లు దిగబడిపోయి, నాలుకలు బయటపెట్టి, ఒకదాని మీద ఒకటి పడి రొప్పుతున్న గొర్రెల్ని, ఆ ఓడలోనే శిక్షణలో ఉన్న ఒక కుర్ర అధికారి వీడియో తీశాడు. 2018 ఏప్రిల్‌లో టీవీలో అది వచ్చాక దేశమంతా అట్టుడికిపోయింది. గొర్రెల్ని ప్రాణాలతో ఓడలకెక్కించడం 2028 మే 1 నుంచి ఆపాలని 2024లో పార్లమెంటు చట్టం చేసింది. దయ చూపించండి అని ఏడాది పొడవునా పరుగెత్తినా రాని చట్టాన్ని ఒక కుర్రాడి వీడియో రప్పించింది. పరుగు వృథా అని మేం అనడం లేదు, ఆ దంపతులంటే మాకు చాలా గౌరవం. కానీ పరుగు మనసును మాత్రమే కదిలిస్తుంది, చట్టం కదలాలంటే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం గొంతే ఇప్పుడు నొక్కేస్తున్నారు.

ఇది ఒక్క తీర్పుతో వచ్చిందీ కాదు. 2001లో టాస్మానియా రాష్ట్రంలోని ఒక కబేళా వీడియో ప్రసారాన్ని ఆపడానికి ఆస్ట్రేలియా హైకోర్టు ఒప్పుకోలేదు (ఆస్ట్రేలియాలో హైకోర్టే అత్యున్నత న్యాయస్థానం). ఆ తర్వాతే గాలి మారింది. 2019 ఏప్రిల్‌లో వీగన్ కార్యకర్తలు (పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్లు) మెల్‌బోర్న్ నడిబొడ్డున ట్రాఫిక్ ఆపితే, అప్పటి ప్రధాని స్కాట్ మోరిసన్ అది ఆస్ట్రేలియన్ల తీరే కాదని మండిపడ్డారు. ఆ ఏడాదే చట్టం వచ్చేసింది. పొలాల్లోకి, కబేళాల్లోకి చొరబడమని ఇంటర్నెట్‌లో రెచ్చగొడితే ఏడాది జైలు, ఆస్తి ధ్వంసానికో దొంగతనానికో ఉసిగొల్పితే అయిదేళ్లు. 2022 ఆగస్టులో, చొరబడి తీసిన వీడియోలను దగ్గర పెట్టుకోవడం, ప్రచురించడం నేరమనే న్యూసౌత్‌వేల్స్ రాష్ట్ర చట్టాన్ని అదే హైకోర్టు 4-3 మెజారిటీతో సమర్థించింది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చి, చివరికి వీడియో కూడా మాదే అనేదాకా వెళ్లారు.

మనకెందుకులే అనకండి. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంతో ఆస్ట్రేలియా ఉన్నికి మన దేశంలో సుంకం లేదు. ఈగలు పురుగులు పెట్టకుండా గొర్రెపిల్ల తోక చుట్టూ చర్మాన్ని కత్తెరతో కోసేసే మ్యూల్సింగ్‌ను 2010కల్లా ఆపేస్తామని ఆ పరిశ్రమ 2004లో మాటిచ్చి, 2009లో తప్పింది. ఆ మాట తప్పిన ఉన్నే మన స్వెటర్లలోకీ వస్తోంది. సుంకం ఎత్తేసేటప్పుడు మనవాళ్లు మ్యూల్సింగ్ ఆపాలనే షరతు పెట్టాల్సింది.

ఇక మన చట్టం సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దీన్ని మార్చడానికి కేంద్రం 2022లో ముసాయిదా బయటపెట్టింది, అభిప్రాయాలూ అడిగింది. సంక్రాంతి వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో కోడి కాళ్లకు కత్తులు కట్టి, కోర్టు ఆదేశాల్ని తుంగలో తొక్కి, ప్రజాప్రతినిధులే బరుల దగ్గర కుర్చీలేసుకుని కూర్చుంటారు. అలాంటి నాయకులే మారథాన్లకు జెండాలూపి, జంతువుల మీద ప్రేమ గురించి ఉపన్యాసాలిస్తారు. నోటితో మాట్లాడి నొసటితో వెక్కిరించడం అంటే ఇదే.

కబేళాల్లో జంతువులుండే ప్రతిచోటా సీసీ కెమెరాలుండాలని ఇంగ్లండ్ 2018లోనే తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా కూడా ఆ పని చేసి ఉంటే, రాత్రిపూట గోడ దూకి కెమెరా పెట్టాల్సిన అవసరం ఎవరికి వచ్చేది? మీరు పెట్టరు, పెట్టినవాణ్ణి కోర్టుకీడుస్తారు, వాడు తీసిన వీడియో లాక్కుంటారు, మళ్లీ 64 ఏళ్ల ఆవిడ పరుగెత్తితే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆపేసి, ముందు కబేళాల్లో కెమెరాలు పెట్టండి.