కాఫీ ఒలికితే కోట్లు ఇచ్చారన్న కథ

"అమెరికా కోర్టుల వింతలు" అనే సందేశం మళ్లీ తిరుగుతోంది. ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఒకరు పెట్టారు. మర్నాడు బంధువుల గ్రూపులో బాబాయి పెట్టారు. కింద అందరూ నవ్వే బొమ్మలు వరసగా పేర్చారు. అందని వాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. ఒక మహిళ కారు నడుపుతూ కాఫీ మీద ఒలకబోసుకుని మెక్‌డొనాల్డ్స్ నుంచి 30 లక్షల డాలర్లు రాబట్టిందట. ఒకాయన పెద్ద మోటార్‌హోమ్‌లో (ఇల్లులా అమర్చిన బండి) క్రూజ్ కంట్రోల్ పెట్టి, అంటే బండి వేగాన్ని తనంతట తాను నిలిపే మీట నొక్కి, స్టీరింగ్ వదిలేసి కాఫీ కలుపుకోవడానికి వెనక్కి వెళ్తే బండి బోల్తా పడిందట, కంపెనీ ఆయనకు 17.5 లక్షల డాలర్లతో పాటు కొత్త బండి కూడా ఇచ్చిందట. ఒక దొంగ దోచుకున్న ఇంటి గ్యారేజీలోనే ఇరుక్కుపోయి, ఎనిమిది రోజులు కుక్కల తిండి తిని బతికి, ఇంటివాళ్ల మీదే కేసు గెలిచాడట. ఒకావిడ ఫర్నిచర్ షాపులో సొంత కొడుకే కాళ్లకు అడ్డం పడితే జారిపడి, షాపు నుంచి డబ్బు గుంజిందట. చివర్లో నీతి: "డబ్బు కోసం ఎంతకైనా తెగించే దేశం. మన దగ్గర ఇలాంటి పిచ్చి లేదు, అదే మన అదృష్టం."

మోటార్‌హోమ్ ఆయన, గ్యారేజీ దొంగ, ఫర్నిచర్ షాపు తల్లి, ఈ ముగ్గురూ కల్పితం. అలాంటి కేసులు ఏ కోర్టులోనూ నడవలేదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, డాలర్లు లెక్కగా రాస్తారు కానీ కోర్టు పేరు, కేసు నంబరు మాత్రం ఎప్పుడూ ఉండవు. ఈమెయిళ్ల కాలం నుంచీ ఇదే జాబితా తిరుగుతోంది. అర్థంలేని దావాల మీద పుస్తకం వేసిన అమెరికన్ రచయిత కూడా ఇవి అబద్ధాలని ఏనాడో రాశాడు. వీటి మీద ఇంతకన్నా సమయం పెట్టను.

కాఫీ సంగతి వేరు. అది నిజంగా జరిగింది, జరిగినదాన్ని తలకిందులు చేసి చెబుతున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆమె పేరు స్టెల్లా లీబెక్. వయసు 79 ఏళ్లు. 1992 ఫిబ్రవరి 27న, న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో, మనవడి కారులో పక్క సీట్లో కూర్చుని ఉంది. అంటే కారు నడుపుతున్నది ఆమె కాదు. మెక్‌డొనాల్డ్స్ డ్రైవ్ త్రూలో, అంటే కారు దిగకుండా కొనుక్కునే కిటికీ దగ్గర, 49 సెంట్ల కాఫీ కొన్నారు. పాలు, చక్కెర కలుపుకోవాలని మనవడు కారును పక్కకు తీసి ఆపాడు. కాబట్టి కారు కదలడం కూడా లేదు. ఆ కారులో కప్పు పెట్టుకునే చోటు లేదు. ఆమె కప్పును మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత లాగింది. కాఫీ మొత్తం ఒళ్లో పడింది. వేసుకున్నది నూలు ప్యాంటు. అది కాఫీని పీల్చుకుని ఒంటికి అంటుకుపోయింది.

"కాఫీ వేడిగా కాక చల్లగా ఉంటుందా?" అని సందేశంలో ఒక వాక్యం ఉంది, దాని పక్కన కన్నుకొట్టే బొమ్మ. ఆ వేడి ఏం చేసిందో వినండి. తొడల మీద, పిరుదుల మీద, జననాంగాల దగ్గర మూడో డిగ్రీ కాలిన గాయాలు. చర్మం పూర్తి మందం కాలిపోతే దాన్ని మూడో డిగ్రీ అంటారు, అది తనంతట తాను మానదు. ఒంటి మీది చర్మంలో 6 శాతం అలా కాలింది. మరో 16 శాతం మీద అంతకు తక్కువ స్థాయి గాయాలు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంకో చోటి చర్మం తీసి గాయాల మీద అతికించారు. ఆ కొద్ది రోజుల్లోనే 9 కిలోల బరువు తగ్గి 38 కిలోలకు వచ్చింది. చికిత్స రెండేళ్లు సాగింది. ఆ గాయాల ఫొటోలు విచారణలో జ్యూరీకి, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరుల బృందానికి, చూపించారు. నవ్వే బొమ్మలు పెట్టిన వాళ్లలో ఒక్కరైనా ఆ ఫొటోలు చూశారా?

ఇక "డబ్బు కోసం తెగించడం" గురించి. లీబెక్ మొదట కోర్టుకు వెళ్లలేదు. వైద్యం ఖర్చులకు, తనను చూసుకోవడానికి ఉద్యోగం మానుకున్న కూతురి జీతానికి కలిపి 20 వేల డాలర్లు ఇవ్వమని కంపెనీని అడిగింది. కంపెనీ 800 డాలర్లు ఇస్తానంది. ఎనిమిది వందలు! చర్మం అతికించుకున్న ముసలావిడకు ఎనిమిది వందల డాలర్లు. ఆ తర్వాతే లాయరు వచ్చాడు, దావా పడింది. విచారణకు ముందు మధ్యవర్తి 2,25,000 డాలర్లకు రాజీ పడమన్నాడు. కంపెనీ దానికీ ఒప్పుకోలేదు. ఈ కేసును కోర్టు దాకా లాక్కొచ్చింది ఆమె అత్యాశ కాదు, కంపెనీ మొండితనం.

విచారణలో బయటికొచ్చిన విషయాలు ఇంకా ఘోరం. కాఫీని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచాలన్నది కంపెనీ పెట్టుకున్న నియమం. 88 డిగ్రీల ద్రవం ఒంటి మీద పడితే మూడు సెకన్లు చాలు, మూడో డిగ్రీ గాయం అవుతుందని నిపుణులు సాక్ష్యం చెప్పారు. అదే 71 డిగ్రీలైతే దాదాపు 20 సెకన్లు పడుతుంది. ఆ 20 సెకన్లలో మనిషి లేచి దులుపుకోవచ్చు, బట్ట లాగేసుకోవచ్చు. సీటులో ఇరుక్కుని కూర్చున్న 79 ఏళ్ల మనిషి మూడు సెకన్లలో ఏం చేయగలదు? కొన్నవాళ్లు ఇంటికో ఆఫీసుకో వెళ్లాక తాగుతారు కాబట్టి అంత వేడి ఉంచుతున్నామని కంపెనీ వాదించింది. కానీ చాలామంది కారులోనే తాగాలనుకుంటారని కంపెనీ సొంత పరిశోధనే చెప్పింది.

పైగా ఆమె మొదటి మనిషి కాదు. 1982 నుంచి 1992 వరకు పదేళ్లలో కాఫీ వల్ల కాలిందని 700 దాకా ఫిర్యాదులు కంపెనీకి అందాయి. కొన్నిటికి డబ్బిచ్చి పరిష్కరించుకున్నారు కూడా. అంటే సంగతి వాళ్లకు బాగా తెలుసు. కంపెనీ తరఫున వచ్చిన క్వాలిటీ మేనేజరు, అమ్మే కాఫీతో పోలిస్తే ఈ సంఖ్య పద్ధతి మార్చుకోవాల్సినంత పెద్దది కాదన్నట్టు సాక్ష్యం చెప్పాడు. ఒలికిన కాఫీ గురించి జ్యూరీలో కూర్చోబెట్టారేమిటని మొదట్లో విసుక్కున్నామని ఒక జ్యూరీ సభ్యుడు తర్వాత పత్రికకు చెప్పాడు. అలా విసుక్కున్న వాళ్లే సాక్ష్యాలు విన్నాక ఆమె పక్షం వహించారు.

"ఇంట్లో మేం పొంగిన టీ తాగట్లేదా?" అని గ్రూపులో ఒకరు అడిగారు. తాగుతాం. గ్లాసు అంచు పట్టుకుని, ఊదుకుంటూ, ఎంత వేడిగా ఉందో కళ్లముందు ఆవిరి చూస్తూ తాగుతాం. మూత బిగించిన కప్పులో పోసి, కారు కిటికీలోంచి ఒళ్లో కూర్చోబెట్టే టీ కాదది.

సందేశంలోని 30 లక్షల దగ్గరికి వద్దాం. 1994 ఆగస్టులో జ్యూరీ తీర్పు చెప్పింది. నష్టపరిహారం 2 లక్షల డాలర్లు. తప్పులో 20 శాతం ఆమెదే అని జ్యూరీయే తేల్చి, అందులోంచి 40 వేలు కోసేసింది. ఈ ముక్క ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు. ఆ పైన కంపెనీకి శిక్షగా 27 లక్షలు వేసింది. ఆ అంకె గాల్లోంచి రాలేదు. దేశమంతటా ఆ కంపెనీకి కాఫీ మీద వచ్చే రెండు రోజుల రాబడి అంత. జడ్జి దాన్ని కూడా 4,80,000కు తగ్గించాడు. మొత్తం కలిపి 6,40,000. అప్పీలు మీద తేలకముందే ఇద్దరూ రాజీ పడ్డారు, ఆ మొత్తం ఎంతో బయటపెట్టలేదు. ఆమె 30 లక్షలు తీసుకోలేదు. జ్యూరీ అంకె మొదటి పేజీలో పడింది, జడ్జి తగ్గించిన సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఒక్క విషయం ఒప్పుకుంటాను. కాఫీ అంత వేడిగా అమ్మడం తప్పా కాదా అన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. మంచి కాఫీ దిగాలంటే నీళ్లు ఇంకా వేడిగానే ఉండాలి. చాలా షాపులు ఇప్పటికీ దాదాపు అదే వేడిలో అమ్ముతున్నాయి. 1998లో ఇలాంటి ఇంకో కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కాఫీ మెషీన్ తయారుచేసిన కంపెనీ పక్షమే వహించింది. లీబెక్ కేసు నేను జ్యూరీలో కూర్చుని ఉంటే ఆమెకు 20 శాతం కన్నా ఎక్కువ బాధ్యత వేసేవాణ్ణేమో. ఆ వాదన ఎవరైనా నిజాయితీగా చేస్తే కూర్చుని వింటాను. కారు నడుపుతోందని, అత్యాశతో వచ్చిందని, కోట్లు పట్టుకుపోయిందని అబద్ధాలు చెప్పి నవ్వితే మాత్రం వినలేను.

ఇంకొకటీ ఒప్పుకుంటాను. అమెరికాలో పిచ్చి దావాలు నిజంగా ఉన్నాయి. మీకు కావాలంటే నేనే ఒకటి చెబుతాను. వాషింగ్టన్‌లో ఒక అడ్మినిస్ట్రేటివ్ జడ్జి, 2005లో డ్రై క్లీనింగ్ షాపువాళ్లు తన ప్యాంటు పోగొట్టారని దావా వేశాడు. గోడ మీద "సంతృప్తి గ్యారంటీ" అని బోర్డు ఉంది కదా అని మొదట 6.7 కోట్ల డాలర్లు అడిగాడు, తర్వాత 5.4 కోట్లకు దిగాడు. ఆ షాపు కొరియా నుంచి వలసవచ్చిన ఒక కుటుంబానిది. వాళ్లు 12 వేల డాలర్ల దాకా ఇస్తామన్నా వినలేదు. 2007లో కోర్టు అతనికి ఒక్క సెంటు కూడా ఇవ్వలేదు. అతని జడ్జి పదవి పొడిగించలేదు. ఆ కుటుంబం మాత్రం అప్పటికే నలిగిపోయి షాపు మూసుకుంది. ఆ దేశపు దావాల వ్యవస్థ మీద కోపం ఉంటే ఈ కేసు చెప్పండి. ఇందులో నష్టపోయింది పెద్ద కంపెనీ కాదు, చిన్న కుటుంబం. బహుశా అందుకే ఇది అంతగా తిరగదు.

ఈ నవ్వుల వల్ల ఎవరికి లాభమో కూడా చూడాలి. కాఫీ తీర్పు వచ్చిన నెలల్లోనే రిపబ్లికన్ పార్టీ తన ఎన్నికల వాగ్దానాల్లో దావాలకు కళ్లెం వేసే చట్టాన్ని పెట్టింది. వ్యాపార సంఘాలు ఏళ్ల తరబడి ఇలాంటి కథలే చెప్పాయి. 1996లో అలాంటి ఒక బిల్లును అధ్యక్షుడు క్లింటన్ వీటో చేసి ఆపేసినా, రాష్ట్రాల్లో చట్టాలు వచ్చేశాయి. టెక్సాస్‌లో 2003 నుంచి డాక్టరు నిర్లక్ష్యానికి బలైన మనిషి పడ్డ బాధకు, పోయిన ప్రాణానికి ఆ డాక్టరు ఇవ్వాల్సింది 2,50,000 డాలర్లు దాటకూడదు. పోయిన జీతానికి, ఆసుపత్రి బిల్లులకు ఆ పరిమితి లేదు. మరి జీతం లేనివాళ్ల సంగతి? డాలస్‌కో ఆస్టిన్‌కో మనవల్ని చూసుకోవడానికి వచ్చే మన అమ్మానాన్నలు, ఇంట్లో ఉండే తల్లులు, చిన్న పిల్లలు. వాళ్ల విషయంలో కోర్టు లెక్క దాదాపు అక్కడే ఆగిపోతుంది, అంత చిన్న కేసు తీసుకోవడానికి లాయర్లూ వెనకాడతారు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కూర్చుని ఈ సందేశం పంపే అన్నయ్యలూ, ఆ చట్టం మీ ఇంటి మీద కూడా ఉంది.

చివరి వాక్యం మిగిలింది. "మన దగ్గర ఇలాంటి పిచ్చి లేదు, అదే మన అదృష్టం." ఎవరి అదృష్టం? 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి అని ఆపరేషన్ చేశారు. అనుమతి తీసుకున్నది ముక్క తీసి పరీక్షించడానికి, చేసింది కణితి మొత్తం తొలగించడం. వెన్నుకు సంబంధించిన ఆపరేషన్‌లో న్యూరోసర్జన్ లేడు. ఆ కుర్రాడికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో పదిహేనున్నర లక్షలు ఇవ్వమంది. అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు, తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మేలో కోటి రూపాయల తీర్పు వచ్చింది. ఆపరేషన్ జరిగిన దాదాపు పందొమ్మిదేళ్లకు.

ఆ కుర్రాడి గురించి కూడా ఎవరో ఒకరు "ఆపరేషన్ చేయించుకుని కోటి కొట్టేశాడు" అని నాలుగు లైన్లు రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టగలరు. తారీఖులు తీసేసి, గాయం తీసేసి, అంకె ఒక్కటే ఉంచితే సరిపోతుంది. స్టెల్లా లీబెక్‌కు చేసింది సరిగ్గా అదే. ఆమె 2004లో, 91 ఏళ్ల వయసులో చనిపోయింది. బాబాయ్, దయచేసి ఆ సందేశాన్ని గ్రూపులోంచి తీసేయండి. తీసేశాక, ఇది కూడా అక్కడ పెట్టండి.