సీజన్ మొదలైతే బరువులు దించేయాలా?

ఆఫ్‌సీజన్‌లో మూడు నెలలు చెమటోడ్చి స్క్వాట్‌లో (భుజాలపై బరువు పెట్టుకుని కూర్చుని లేచే వ్యాయామం) ఇరవై కిలోలు పెంచుకుంటారు. మొదటి మ్యాచ్ తేదీ దగ్గర పడగానే ‘ఇక కాళ్లు తేలిగ్గా ఉండాలి’ అంటూ బార్‌బెల్‌ను మూలకు నెట్టేస్తారు. సీజన్ సగానికి వచ్చేసరికి ఎవరో ఒకరికి పరుగు మధ్యలో తొడ వెనక కండరం పట్టేస్తుంది. తప్పు వార్మప్‌దనో, మైదానానిదనో, నీళ్లు సరిగ్గా తాగలేదనో అంటారు తప్ప, ఎనిమిది వారాలుగా ఆ కండరానికి పనే లేదన్న సంగతి ఎవరికీ తట్టదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. బలమూ అంతే. కాకపోతే అది వెంటనే కరగదు, చిక్కంతా అక్కడే. సాధన ఆపేశాక ఏ సామర్థ్యం ఎన్నాళ్లు నిలుస్తుందో బ్లాక్ పీరియడైజేషన్‌పై, అంటే సాధనను ఒక్కో సామర్థ్యానికి ఒక్కో విడతగా విభజించే పద్ధతిపై పనిచేసిన వ్లాదిమిర్ ఇసురిన్ అంచనా కట్టారు. ఆయన లెక్కలో గరిష్ఠ బలం దాదాపు 30 రోజులు నిలుస్తుంది, గరిష్ఠ వేగం 5 రోజులు, అటూ ఇటూగా. ఇప్పుడు ఆటగాడి వైపు నుంచి చూడండి. బరువులు ఆపిన మొదటి రెండు వారాల్లో ఆఫ్‌సీజన్ అలసట దిగిపోతుంది, బలం మాత్రం ఇంకా ఉంటుంది. కాళ్లలో ఎన్నడూ లేనంత చురుకు కనిపిస్తుంది. ‘చూశారా, ఆపడమే మంచిదైంది’ అన్న నమ్మకం అప్పుడే గట్టిపడుతుంది. అయిదారు వారాలు దాటాక దూకే ఎత్తు తగ్గుతుంది, మొదటి అడుగులో విసురు పోతుంది. ఆ పాటికి కారణం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

సంపాదించిన బలాన్ని నిలుపుకోవడానికి పెద్ద కష్టం అక్కర్లేదు. వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లపై నార్వే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనమే ఇందుకు సాక్ష్యం. సీజన్‌కు ముందు 10 వారాలు అందరూ వారానికి రెండుసార్లు బరువులు ఎత్తారు. సీజన్ మొదలయ్యాక 12 వారాల పాటు ఒక బృందం వారానికోసారి, మరో బృందం రెండు వారాలకోసారి చేసింది. వారానికోసారి చేసినవాళ్ల కాళ్ల బలం, 40 మీటర్ల పరుగు వేగం చెక్కుచెదరలేదు. రెండో బృందంలో రెండూ తగ్గాయి. తేడా అంతా పద్నాలుగు రోజుల్లో ఒక్క సెషన్.

అయితే ఆ ఒక్క సెషన్‌లో ఏం తగ్గించాలి, ఏం తగ్గించకూడదు అన్న దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు. సీజన్ కదా అని బరువు సగానికి దించి, రెప్స్ (ఒక విడతలో ఆపకుండా ఎత్తే సార్లు) ఇరవైకి పెంచేస్తారు. చేయాల్సింది దీనికి పూర్తిగా ఉల్టా. బరువు అలాగే ఉండాలి, సెట్లు (అలాంటి విడతలు), రెప్స్ తగ్గాలి. పెద్ద బరువును ఎత్తినప్పుడో, శరీరాన్ని శక్తికొద్దీ వేగంగా కదిలించినప్పుడో బలమైన కండర తంతువులు మొదటి రెప్ నుంచే పనిలోకి దిగుతాయి. తేలికపాటి బరువుతో ఇరవై రెప్స్ తీస్తే కండరం మండుతుంది, మర్నాడు నొప్పి పెడుతుంది, గరిష్ఠ బలం మాత్రం అంతగా నిలవదు. అలసటను పూర్తిగా కొనుక్కుని ఫలితాన్ని దుకాణంలోనే వదిలి వచ్చినట్టు.

శనివారం మ్యాచ్ ఆడే జట్టుకు ఈ సెషన్ మంగళవారం పడాలి. గత మ్యాచ్ నొప్పులు అప్పటికి తగ్గుముఖం పడతాయి, వచ్చే మ్యాచ్‌కు నాలుగు రోజులుంటాయి. నలభై నిమిషాలు చాలు. ఎనిమిది నిమిషాల వార్మప్ తర్వాత మూడేసి దూకుళ్లు మూడు సెట్లు, ప్రతి దూకూ పూర్తి శక్తితో. తర్వాత స్క్వాట్ గానీ ట్రాప్‌బార్ డెడ్‌లిఫ్ట్ (చట్రం లాంటి బార్ మధ్యలో నిలబడి నేల మీది బరువును ఎత్తడం) గానీ, ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 80–85 శాతంతో 3 సెట్లు, సెట్‌కు 3 రెప్స్, మధ్యలో మూడు నిమిషాల విరామం. స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి చేసే స్క్వాట్) ఒక్కో కాలికి 5 చొప్పున 2 సెట్లు. తొడ వెనక కండరానికి నార్డిక్ (ఎలా చేయాలో కింద చెబుతాను) 4 చొప్పున 2 సెట్లు. పిక్కల కోసం మోకాలు వంచి, బరువుతో మడమలు పైకెత్తడం 8 చొప్పున 2 సెట్లు. అంతే.

మూడే రెప్సా అని ఆటగాడు పెదవి విరుస్తాడు. 85 శాతం బరువుతో సాధారణంగా అయిదారు రెప్స్ వస్తాయి. ఆ మిగిలిన రెండు మూడు రెప్స్ చేతిలో ఉంచుకుని ఆపడమే ఇక్కడ కిటుకు. మొదటి రెండు రెప్స్‌లో బార్ ఒకే ఊపుతో లేస్తుంది. అలసట ముదిరాక తొడ నేలకు సమాంతరం దాటి పైకొచ్చే చోట బార్ క్షణకాలం ఆగినట్టవుతుంది, మోకాళ్లు లోపలికి వాలతాయి. అది కనిపించిందంటే సెట్ అప్పటికే ఒక రెప్ ఎక్కువైంది. 2017లో వచ్చిన ఒక స్క్వాట్ అధ్యయనంలో బార్ వేగం 20 శాతం తగ్గగానే సెట్ ఆపినవాళ్లు, 40 శాతం తగ్గేదాకా లాగినవాళ్లు బలంలో సమానంగానే పెరిగారు. దూకే ఎత్తులో మాత్రం ముందే ఆపినవాళ్లే ఎక్కువ మెరుగుపడ్డారు. ప్రాణం పోయేదాకా ఎత్తాలన్న పట్టుదల కండల ప్రదర్శనకు ఉపయోగపడుతుందేమో గానీ, పరిగెత్తి ఆడేవాళ్లకు కాదు. వేగంగా పరిగెత్తేటప్పుడు పాదం నేలమీద ఉండేది సెకనులో పదో వంతే. బలం ఎంతుందన్నది ఎంత ముఖ్యమో, అది ఎంత త్వరగా బయటికొస్తుందన్నదీ అంతే ముఖ్యం.

నార్డిక్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జట్లు సీజన్‌లో మొదట వదిలేసేది దీన్నే. మోకాళ్ల కింద మెత్త వేసుకుని మోకాళ్ల మీద నిలబడాలి, తోటి ఆటగాడు మడమలు గట్టిగా నొక్కి పట్టాలి. మోకాలి నుంచి భుజం దాకా ఒకే గీతలా ఉంచి, మూడు నాలుగు సెకన్ల పాటు బిగపట్టుకుంటూ ముందుకు ఒరగాలి. ఇక ఆపలేనప్పుడు చేతులతో నేలను అందుకోవాలి. పైకి చేతులతో తోసుకుని రావచ్చు, ఫలితం దిగడంలోనే ఉంది. నడుము దగ్గర వంగిపోతే భారం తొడ వెనక నుంచి తప్పుకుంటుంది. అందరూ చేసే తప్పు ఇదే. ఈ ఒక్క వ్యాయామం ఉన్న కార్యక్రమాలు తొడ వెనక కండరం గాయాలను దాదాపు సగానికి తగ్గించాయని పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. దీనివల్ల కండర తంతువులు పొడవవుతాయి, మానేస్తే ఆ పొడవు కొద్ది వారాల్లోనే వెనక్కి పోతుంది. నెల మానేసి హఠాత్తుగా మొదలుపెడితే మూడు రోజులు మెట్లు దిగడమే కష్టం. అప్పుడు కోచ్ ‘అందుకే వద్దన్నాను’ అంటాడు. నొప్పి పెట్టింది వ్యాయామం కాదు, మధ్యలో వచ్చిన ఖాళీ.

ఈ ఒక్క మాట కోచ్‌లందరికీ చేరాలని గట్టిగా కోరుకుంటున్నాను. కండరాల నొప్పికి బరువు కంటే కొత్తదనమే పెద్ద కారణం. అలవాటైన వ్యాయామాన్ని అలవాటైన బరువుతో తక్కువ రెప్స్ చేస్తే మర్నాడు కాళ్లు పట్టేయవు. కాబట్టి సీజన్ మధ్యలో కొత్త వ్యాయామం ఏదీ తీసుకురావద్దు, ఎంత గొప్పదైనా సరే.

బరువులు వేగానికి బదులు కావు. వేగం అయిదారు రోజుల్లోనే జారిపోతుంది కనుక వారానికోసారి 20–30 మీటర్ల పరుగులు మూడు నాలుగు, దాదాపు గరిష్ఠ వేగంతో, మధ్యలో పూర్తి విశ్రాంతితో పెట్టాలి. మ్యాచ్‌లో ఎక్కువసేపు ఆడని ఆటగాళ్లకు ఇది మరీ అవసరం, వాళ్లకు ఆ వేగం మరెక్కడా దొరకదు.

వారంలో రెండు మ్యాచ్‌లు పడితే సెషన్‌ను రద్దు చేయకుండా చిన్నది చేయాలి. స్క్వాట్ రెండు సెట్లు, నార్డిక్ ఒక సెట్, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. రెండు గంటల ప్రాక్టీస్ చివర్లో, కాళ్లు వణుకుతున్నప్పుడు మాత్రం దీన్ని తగిలించొద్దు. ప్రయాణంలో బార్‌బెల్ దొరక్కపోతే, పాదాల కింద తొక్కిపెట్టిన గట్టి పట్టీని సగం స్క్వాట్ భంగిమలో శక్తికొద్దీ పైకి లాగి అయిదు సెకన్లు పట్టి ఉంచాలి. పట్టీ కదలదు, కదలకూడదు. నిమిషం విరామంతో అయిదుసార్లు చేస్తే ఆ వారం గడుస్తుంది.