నిజం బయటికి రాకుండా చూసే ఉద్యోగం

సీరియల్ రచయితకి కథ నడపడం రాదని వెక్కిరించేవాళ్లకి చిన్న విన్నపం. ఆయన్ని పెట్టుకున్నది కథ నడపడానికి కాదండీ, ఆపడానికి.

కోడలికి నిజం తెలుసు. అది కాస్తా చెప్పేస్తే కథ కంచికి, యూనిట్ ఇంటికి. అందుకే ఆవిడ 'మీకో నిజం చెప్పాలి' అని నోరు తెరిచినప్పుడల్లా మామగారికి పొలమారాలి, పాలు పొంగాలి, దీపం కొండెక్కాలి. వారానికి ఐదారు ఎపిసోడ్లు, ఏళ్ల తరబడి. ఈటీవీలో 'అభిషేకం' 2008లో మొదలై 2022 దాకా సాగింది, నాలుగు వేల ఎపిసోడ్లు. ఈలోగా రాష్ట్రమే రెండయింది. స్టార్ మా 'కార్తీక దీపం' హీరో స్వయానా డాక్టరు. పిల్లలు తన పిల్లలేనా అని, ఒక్క డీఎన్ఏ పరీక్షతో తీరిపోయే అనుమానాన్ని ఏళ్లపాటు మోశాడు. నవ్వకండి. ఆ పరీక్ష ఇవాళ కాకుండా చూడటమే రచయితకి రోజువారీ పని.

మా స్నేహితుడొకడు యూసఫ్‌గూడలో మేడమీది గదిలో ఉంటూ ఈ పనే చేస్తాడు. మొన్న వెళ్లేసరికి పదకొండైంది, ప్లేట్లో ఇడ్లీ ఎండిపోతోంది. లొకేషన్ నుంచి ఫోన్: అత్తగారి డేట్స్ లేవట, ఆవిడ లేకుండా సీను కావాలట. సీనేమో అత్తగారు కోడల్ని చెంపదెబ్బ కొట్టడం! మావాడు రెండు నిమిషాలు పైకి చూశాడు. అత్తగారిని తీర్థయాత్రకి పంపేసి ఫోన్లో తిట్టించాడు. చెంపదెబ్బ వచ్చే వారానికి వాయిదా. వాట్సాప్‌లో పేజీ వెళ్లింది. అక్కడ కెమెరా పక్కన నిలబడి అసిస్టెంటు ప్రాంప్టింగ్ ఇస్తే, అంటే డైలాగు చదివి అందిస్తే, తెలుగు రాని బెంగళూరమ్మాయి పెదవులు కదపాలి. పావుగంటకి మళ్లీ ఫోన్. 'మాంగల్యం' నోరు తిరగట్లేదు సార్, 'తాళి' అని పెట్టేశాం. ఏడుపు ఎలాగూ డబ్బింగావిడదే.

గురువారం గురువారం మావాడు బాబా గుడికి వెళ్తాడు. భక్తి అనుకునేవాణ్ణి. రేటింగులు వచ్చేది ఆ రోజేనట. అంకె తగ్గితే ఎవరికో గతం గుర్తుండదు, ఇంకా తగ్గితే ఎవరో లోయలో పడతారు. శవం మాత్రం దొరక్కూడదు, అది నియమం. పారితోషికం పెంచమన్న మామగారి ఫొటోకి ఆ సోమవారమే దండ పడింది. బేరం కుదిరాక, పోయింది ఆయన కవల తమ్ముడని తేలింది. గరుడ పురాణంలో కూడా లేని సౌకర్యం.

ఇంతటి ప్రతిభకి పద్మశ్రీ ఇవ్వకపోయినా, కనీసం రక్షణ శాఖలో రహస్యాల విభాగమైనా అప్పజెప్పాలని నా అభిప్రాయం. మావాడికి అంత ఆశ లేదు, నాలుగు నెలల కిందటి ఎపిసోడ్ల డబ్బులొస్తే చాలంటాడు. నా ఎదురుగానే ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"మీ చెక్కు గురించి మీకో నిజం చెప్పాలండీ..." అన్నాడు అవతల మేనేజరు.

అంతలో ఎవరో పిలిచారట.