త్రైమాసిక నివేదిక ఫారం గారికి బహిరంగ లేఖ

మహా ఘనత వహించిన ఫారం గారికి,

ప్రభువు నామంలో వందనాలు.

మా కొత్త సంఘానికి మాతృసంఘం పంపే డబ్బు సాయం, అదే సపోర్టు, అప్పుడప్పుడూ ఆలస్యమవుతుంది. దాని మీద లెక్కలడిగే తమరు మాత్రం ఒక్కసారీ ఆలస్యం కాలేదు. మూడు నెలలు తిరిగేసరికి ఠంచనుగా దిగుతారు. కొత్త సంఘానికి సహవాసం ముఖ్యమంటారు కదా, ఆ లోటు తమరే తీరుస్తున్నారు.

మేం బాప్టిస్టులం. ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. మా మీద బిషప్పు లేడు, పీఠం లేదు. పాస్టరు గారిని పిలవాలన్నా, సంఘ పనులు చూసే డీకన్లను ఎన్నుకోవాలన్నా, చివరికి నాలుగు కుర్చీలు కొనాలన్నా సభ్యుల మీటింగు పెట్టి చేతులెత్తాల్సిందే. నాలుగు వందల ఏళ్లుగా ఈ మాట గొప్పగా చెప్పుకుంటున్నాం. అందరూ చేతులెత్తాక వెనక నుంచి ఒకరు నెమ్మదిగా అడుగుతారు: "మరి ఫారంలో ఏం రాద్దాం?" అంతే, ఎత్తిన చేతులన్నీ దిగిపోతాయి.

ముందు తమరి మొదటి గడి సంగతి. సగటు హాజరు. చంకలో పిల్లని ఒకరిగా లెక్కపెట్టాలా? గుమ్మం బయటే నిలబడి రెండు పాటలు విని వెళ్లిపోయేవాణ్ణి ఏం చెయ్యాలి? క్రిస్మస్ పడిన త్రైమాసికంలో మేం మహా సేవకులం. తర్వాతి మూడు నెలలకి "హాజరు తగ్గుటకు కారణములు" అనే గడి నింపాలి. జనవరి వచ్చింది అని రాస్తే ఒప్పుకోరట.

రెండో గడి, కొత్త సభ్యులు. పక్క సంఘంలో పాస్టరుతో పొసగక మా దగ్గరికి వచ్చేసిన కుటుంబాన్ని ఇందులోనే వేస్తాం. వాళ్ల దగ్గర నలుగురు తగ్గారు, మా దగ్గర నలుగురు పెరిగారు. పరలోకంలో పేర్లు రాసే పుస్తకంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. తమరి దృష్టిలో మాత్రం ఇది సంఘాభివృద్ధి. పైగా, వెళ్లిపోయినవారికి తమరి దగ్గర గడే లేదు. కాబట్టి కాగితం మీద మా సంఘం నుంచి ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు.

ఇక మూడో గడి. బాప్తిస్మాలు, అంటే నమ్మినవారిని నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకోవడం. అసలు టెన్షన్ అంతా ఇక్కడే.

అపొస్తలుడైన పౌలుకి తమరిని పంపి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుంటాను. కొరింథులో సంఘం పెట్టిన పెద్దమనిషి. క్రిస్పుకి, గాయియుకి తప్ప మీలో ఎవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు, అందుకు దేవునికి స్తోత్రం అని రాశాడు. ఆ వెంటనే, ఆగండి, స్తెఫను ఇంటివారికి కూడా ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో గుర్తు లేదు అన్నాడు. రికార్డు ఇంత దరిద్రంగా ఉంచే సేవకుడికి మరుసటి త్రైమాసికం సపోర్టు వస్తుందా?

పోనీ, మన సొంత బాప్టిస్టు మూలపురుషుణ్ణే తీసుకుందాం. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్ ముందు తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుని తర్వాత మిగతావారికి ఇచ్చాడు. "ఇచ్చినవారి పేరు", "పుచ్చుకున్నవారి పేరు" రెండు గడుల్లోనూ ఒకే పేరు! ఏడాది తిరక్కముందే ఆయనకే తన బాప్తిస్మం మీద అనుమానం వచ్చి మెన్నొనైట్లనే మరో క్రైస్తవ శాఖలో చేరతానన్నాడు. ఆయన సంఘంలోని థామస్ హెల్విస్, ఇంకొందరు కలిసి ఆయన్ని వెలివేశారు. ఆ హెల్విస్ ఇంగ్లండు తిరిగొచ్చి లండన్ దగ్గర స్పిటల్‌ఫీల్డ్స్‌లో సంఘం పెట్టాడు. మనుషుల ఆత్మల మీద రాజుకు అధికారం లేదని ఆ రాజుకే చెప్పి జైలుకెళ్లాడు. "స్థానిక అధికారులతో సంబంధాలు" అన్న గడిలో ఆయన ఏం రాసేవాడో తమరే చెప్పాలి. ప్రావిడెన్స్‌లో 1638లో అమెరికా మొదటి బాప్టిస్టు సంఘం మొదలుపెట్టిన రోజర్ విలియమ్స్ సంగతి ఇంకా చిత్రం. కొన్ని నెలలకే దాన్ని వదిలేసి వెళ్లిపోయాడు.

ఒంగోలు మాట ఎత్తుతారని తెలుసు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు. సంఘ స్థాపన సదస్సు ఏది జరిగినా ఈ అంకె రాకుండా పోదు. చెప్పండి, కానీ దాని ముందు కథ కూడా చెప్పండి. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే ఈ గడ్డ మీద అడుగుపెట్టింది 1836లో. ఆ తర్వాత చాలా ఏళ్లు ఫలం ఎంత తక్కువంటే, ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. తరవాత కరువొచ్చింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. వేలమంది ఆయన చుట్టూ ఉన్నారు, బాప్తిస్మం అడిగేవాళ్లూ ఉన్నారు. కరువు సాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చినవాళ్లెవరో, ప్రభువు కోసం వచ్చినవాళ్లెవరో తేలాలని.

ఫారం గారూ, ఆ నెలల్లో క్లౌ గారు మూడో గడిలో సున్నా వేసేవాడు. ఆ తర్వాతి త్రైమాసికం కూడా సున్నాయే. తమరు ఆయన్ని ఏం చేసి ఉండేవారు? "మార్గదర్శకుడిని పంపుచున్నాము" అని రాసేవారు. మాకు రాసినట్టే.

డబ్బు లెక్క అడగడం తప్పని నేననను. ఎక్కడో ఒక వృద్ధురాలు తన అవసరాలు తగ్గించుకుని వేసిన కానుక అది. రసీదు పుస్తకం చూపించమనండి, పైసాతో సహా చూపిస్తాం, చూపించని వాడికి సపోర్టు ఆపేయండి. నా గొడవల్లా స్వయంపోషణ గడితో, అంటే సంఘం ఖర్చు సంఘమే భరించాలన్న గడితో. మొదటి ఏడాది పూర్తి సపోర్టు, రెండో ఏడాది సగం, మూడో ఏడాది అందులో సగం, ఆపైన ప్రార్థన మాత్రమే. వారమంతా ఉద్యోగం చేసి ఆదివారం వాక్యం చెప్పే మా పాస్టరు గారిని "పూర్తికాల సేవకుడా? అవును/కాదు" అని అడుగుతారు. శనివారం రాత్రి ఒంటిగంటకి ఆసుపత్రి వరండాలో ఎవరి పక్కనో కూర్చున్న మనిషి ఆ "కాదు" మీద టిక్కు పెట్టుకోవాలి. గుడారాలు కుట్టుకుంటూ సంఘాలు పెట్టిన పౌలు ఇక్కడ కూడా ఫెయిలే.

ఫోటోలు జతపరచమన్నారు. మోకాళ్ల మీద ఏడుస్తున్న మనిషిని ఫోన్ తీసి ఫోటో కొట్టడం మాకింకా అలవాటు కాలేదు.

ఈసారికి ఇలా నింపాం. బాప్తిస్మాలు: సున్నా. ఇద్దరు అడిగారు. ఒకాయన అప్పు తీర్చి, అన్నతో మాట కలిపి వస్తానన్నాడు, సరే అన్నాం. రెండోది ఒక అమ్మాయి, తన విశ్వాసం గురించి ఆమె చెప్పిన సాక్ష్యం విని సభ్యుల మీటింగు ఇంకొంత కాలం ఆగుదామని తీర్మానించింది. వెళ్లిపోయినవారు: ముగ్గురు. దీనికి గడి లేదు కాబట్టి అంచులో రాశాం, పేర్లు రాయలేదు. ఒకరు తిరిగి వచ్చేలా ఉన్నారు. విజయగాథ: ఖాళీ.

ఇట్లు,
సంఘ కార్యదర్శి

తా.క.: వచ్చే నెల పరిశీలకులు వస్తారని రాశారు. సంతోషం. కానీ దయచేసి నాలుగు కార్లలో రావద్దని చెప్పండి. ఆ ఆదివారం హాజరు ఒక్కసారిగా పెరిగిపోతుంది, తమరు దాన్నే తీసుకుని మా తర్వాతి టార్గెట్‌గా పెట్టేస్తారు.