కొండ మీద కుదిరింది కింద ఎందుకు కుదరదు?

తెల్లవారుజామున రైలు దిగి తిరుపతి స్టేషను ముందు నిలబడ్డ ఏ కుటుంబాన్నయినా ఒక్క పది నిమిషాలు గమనించండి. ఇద్దరు పెద్దవాళ్లు, నిద్రమత్తు వదలని పిల్లలు, చేతినిండా సంచులు. కొండ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు. గేటు దాటీ దాటకముందే ఆటోల బేరాలు చుట్టుముడతాయి. బస్టాండు కిలోమీటరు దూరం కూడా ఉండదు. కానీ ఆ కాస్త దూరం నడవాలంటే పెట్టెలు ఈడ్చుకుంటూ, పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని, ఆగని బండ్ల మధ్య రోడ్డు దాటాలి. అదే కుటుంబం ఒకసారి కొండ బస్సెక్కి కూర్చుందంటే ఇక బెంగ లేదు. ఏడు కొండల మలుపులన్నీ దాటి తిరుమలలో దిగే వరకు ఎవరినీ దారి అడగనక్కర్లేదు.

ఏడు కొండలు ఎక్కడం ఇంత సులువై, ఒక్క రోడ్డు దాటడం ఇంత కష్టమెందుకయింది?

జవాబు చరిత్రలో ఉంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చే దాకా కొండకు కాలినడకే గతి, లేదంటే డోలీ. రోడ్డు వేసి వదిలేయలేదు. మొదట్లో దేవస్థానమే బస్సులు నడిపింది, తర్వాత ఆ బాధ్యతను ఆర్టీసీకి అప్పగించింది. రద్దీ పెరిగితే పాత రోడ్డునే వెడల్పు చేసి సరిపెట్టుకోలేదు. 1974లో రెండో ఘాట్ రోడ్డు తెచ్చి, ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు అని తేల్చేశారు. ఎదురుగా బండి వస్తుందేమోనన్న భయమే లేకుండా పోయింది. దిగే బండికి కనీస సమయం ఇంత అని పెట్టి, అంతకంటే ముందే కొండ అడుగున ఉన్న అలిపిరి చేరితే జరిమానా వేసే ఏర్పాటూ చేశారు. 2022లో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. రోడ్డు, బండి, వేళ, నియమం అన్నీ కలిపి ఆలోచించిన పని అది. అలిపిరి నుంచి తిరుమల వరకు ప్రయాణం ఎలా సాగాలో ముందు నిర్ణయించారు, దానికి తగ్గట్టు కట్టారు. ఈ ప్రాంతంలో రవాణా ప్రణాళిక అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కోసం విదేశాలకు వెళ్లనక్కర్లేదు.

అలిపిరి దిగువన మాత్రం పద్ధతి తిరగబడింది. ముందు కట్టడం, తర్వాత ఆలోచించడం. 2019 ఫిబ్రవరిలో గరుడ వారధిగా శంకుస్థాపన జరిగిన వంతెన, ప్రభుత్వం మారాక శ్రీనివాస సేతు అయి 2023 సెప్టెంబరులో పూర్తిగా ప్రారంభమైంది. టీటీడీ, స్మార్ట్ సిటీ నిధులతో కట్టిన దాదాపు 7 కిలోమీటర్ల వంతెన ఇది. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దాకా కారులో వెళ్లేవారికి మేలు జరిగింది, కాదనలేం. అయితే ఆ కారులో వెళ్లేవారికి ఊరితో పని లేదు. పని ఉన్నవాళ్లు కింద ఉన్నారు. రుయాకూ స్విమ్స్‌కూ వచ్చే రోగులు, వర్సిటీల విద్యార్థులు, పల్లెల నుంచి పూలూ కూరగాయలూ తెచ్చి అమ్ముకునేవాళ్లు వంతెన ఎక్కరు. వాళ్లకు కావలసింది వేళకు వచ్చే సిటీ బస్సు, నీడ ఉన్న బస్టాపు, నడవడానికి కాలిబాట. అంత ఖర్చులో వీటి వాటా ఎంత అన్న ప్రశ్న గట్టిగా వినబడనే లేదు.

ఈ పొరపాటు మన ఊరికే ప్రత్యేకం కాదు. వైద్యానికో బంధువుల ఇంటికో చెన్నై వెళ్లే మన జిల్లా వాళ్లు అక్కడ వంతెనల మీద నడిచే లోకల్ రైలు ఎంఆర్‌టీఎస్ స్టేషన్లు చూసే ఉంటారు. బకింగ్‌హామ్ కాలువ వెంబడి గాలిలో లేచిన ఆ పెద్ద పెద్ద హాళ్లు ఏళ్ల తరబడి బోసిపోయి ఉన్నాయి. రైలు వచ్చింది, రైలు దిగినవాడిని ఇంటికి చేర్చే బస్సు స్టేషను దగ్గరకు రాలేదు. వేళచ్చేరి వరకు 2007లోనే చేరిన ఆ లైనును సెయింట్ థామస్ మౌంట్ దాకా పొడిగించే 5 కిలోమీటర్ల పని, చివరి అర కిలోమీటరు భూమి వివాదంలో పడి సంవత్సరాల తరబడి నిలిచిపోయింది. కలకత్తా మెట్రోకు 1972లో శంకుస్థాపన చేస్తే, మొదటి 3.4 కిలోమీటర్లు నడవడానికి 1984 వచ్చింది. విజయవాడలో బస్సుల కోసం ప్రత్యేకంగా వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డుకు ఇప్పుడు ఆ పేరే మిగిలింది. హైదరాబాద్‌లో 2003లో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు, ఉన్న పట్టాల మీదనే తక్కువ ఖర్చుతో లోకల్ రైళ్లు నడిపిన తెలివిని అందరూ మెచ్చుకున్నారు. అదే ఎంఎంటీఎస్ రెండో దశ రాష్ట్రానికీ రైల్వేకూ మధ్య వాటాల లెక్కల్లో చిక్కి ఏళ్లకేళ్లు నలిగింది. వీటిలో ఏదీ ఇంజినీరింగ్ లోపంతో దెబ్బతినలేదు. మొత్తం ప్రయాణానికి ఎవరు జవాబుదారీ అన్నది తేలకపోవడమే అన్నిటికీ మూలం.

తిరుపతిలోనూ అదే చిక్కు. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడా 1981 నుంచి ఉంది. ప్రణాళిక దానిది, ఊళ్లోని వీధులు నగరపాలక సంస్థవి, బస్సులు ఆర్టీసీవి, పట్టాలు రైల్వేవి, పెద్ద రోడ్లు జాతీయ రహదారుల సంస్థవి, యాత్రికుల వసతి దేవస్థానానిది. ఒక్కొక్కరి పనిని విడిగా చూస్తే వంక పెట్టేదేమీ ఉండదు. రైలుకూ బస్సుకూ మధ్యనున్న ఆ కిలోమీటరు మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. పెద్ద నగరాల్లో రవాణాకంతా ఒకే సంస్థ ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. తిరుపతి జనాభా పెద్ద నగరాలంత కాకపోవచ్చు. కానీ మామూలు రోజుల్లోనే అరవై, డెబ్బై వేల మంది దర్శనానికి వచ్చిపోయే ఊరిని చిన్న ఊరి లెక్కల్లో చూడటం న్యాయం కాదు.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి వెళ్లే 104 కిలోమీటర్ల ఒంటి లైనును 1,332 కోట్ల రూపాయలతో రెండు లైన్లుగా మార్చేందుకు 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వేలూరు ఆస్పత్రికి వెళ్లే రోగులు ఎక్కే లైను ఇది. ఎదురు రైలుకు దారి ఇచ్చే క్రాసింగ్ కోసం రైలు ఆగితే, కిటికీ పక్కన రిపోర్టుల సంచి ఒళ్లో పెట్టుకుని గడియారం చూసుకునేవాళ్లు చిత్తూరు జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఉన్నారో లెక్కలేదు. తిరుపతి స్టేషను కూడా కొత్త రూపు దిద్దుకుంటోంది. ఇంత డబ్బు, ఇన్ని పనులు ఒకేసారి ఈ ప్రాంతానికి రావడం అరుదు. అవి కూడా ఎవరి గిరిలో వారు గీసుకున్న నక్షాలతో పూర్తయితే, మళ్లీ సరిదిద్దే అవకాశం ఒక తరానికి గాని రాదు.

2020లో తిరుమలకు లైట్ మెట్రో అవకాశాన్ని పరిశీలించాలని టీటీడీ హైదరాబాద్ మెట్రో అధికారులను కోరింది. ఆ మాట అక్కడే ఆగింది. ఆగినందుకు మేము చింతించడం లేదు. రేణిగుంట నుంచి తిరుపతి, చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు వరకు పట్టాలు ఇప్పటికే ఉన్నాయి. రెండో లైను వచ్చాక వాటి మీద గంటకో లోకల్ రైలు నడపడానికి మెట్రోకయ్యే ఖర్చులో చిన్న భాగం చాలు. రేణిగుంట వైపు పనులకు వెళ్లేవారికీ, తిరుపతిలో చదువుకునే చిత్తూరు పిల్లలకూ అది రోజువారీ ఆధారమవుతుంది.

అందుకు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు, ఇప్పుడే చేయాలి. జిల్లా కలెక్టరు అధ్యక్షతన రైల్వే, ఆర్టీసీ, తుడా, నగరపాలక సంస్థ, దేవస్థానం ఒకచోట కూర్చోవాలి. తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు స్టేషన్ల నక్షాల్లో బస్సు ఆగే చోటు, అక్కడిదాకా నీడ ఉన్న నడకదారి ఎక్కడ వస్తాయో గీతలు గీయించి, పని మొదలయ్యేలోపే ఆ నక్షాలను ప్రజల ముందు పెట్టాలి. రైలు వేళలకు బస్సు వేళలు కలిసేలా ఒకే టైంటేబులు తయారుచేసి స్టేషను గోడ మీద తెలుగు, తమిళ, కన్నడ, హిందీ భాషల్లో రాయించాలి. తెల్లవారుజామున సంచులతో దిగిన ఆ కుటుంబం తల పైకెత్తగానే, కొండ బస్సు ఎన్ని గంటలకో, ఎటువైపు నడవాలో అక్కడ కనబడాలి.